టేపు కింద కోత

కర్... కర్... కర్...

రంపం ఆగుతుంది.

సుందర్ రావు ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

బయట అడుగుల చప్పుడు!

తెల్లవారడానికి ఇంకా టైముంది. డోర్నకల్‌లో ఓ ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డు. లోపల రేసు సైకిళ్ళు వరసగా వేలాడుతున్నాయి. సుందర్ రావు నోట్లో చిన్న టార్చి. చేతిలో సన్నటి రంపం. ఎదురుగా స్టాండు మీద ఒక సైకిల్... టీమ్ లీడర్ ఉదయ్‌ది!

ఎవరైనా చూశారా, అయిపోయినట్టే.

తలుపు కిర్రుమంటుంది. టార్చి ఆర్పేస్తాడు.

"నేనేలే," అంటోంది ఒక గొంతు చీకట్లోంచి. "అయిందా?"

టీమ్ మేనేజర్ సారంగపాణి!

"అయితాంది సార్. హ్యాండిల్ అడుగున సగం దాకా కోసిన. మీద టేపు చుడితే ఎవ్వనికి కనిపియ్యది."

"మధ్యలో విరగదు కదా?"

"కూసోని తొక్కితే ఏం గాదు. లేచి నిలబడి, హ్యాండిల్ గుంజి స్ప్రింట్ కొట్టిండనుకోండ్రి... అప్పుడు పోతది."

"స్ప్రింట్ కొట్టేది చివర్లోనే కదా! పర్ఫెక్ట్."

సుందర్ రావు రంపం కింద పెడతాడు.

"సార్... పిలగాని పానం మీదికి రాదు గద?"

"భుజం దగ్గర ఎముక విరుగుతుంది. నెలకో రెండు నెలలకో అతుక్కుంటుంది. సైకిల్ రేసుల్లో అది మామూలేగా! నువ్వు ఎవరి కోసం చేస్తున్నావో అది గుర్తుపెట్టుకో. వచ్చే సీజన్‌లో టీమ్ లీడర్ నీ కొడుకే. నాది గ్యారంటీ!"

నీ కొడుకే!

ఆ ఒక్క మాటకే పడిపోయాడు సుందర్ రావు.

కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు కిరణ్ సైకిల్ రేసుల్లోకొస్తే, వాడి వెంటే ఈ టీమ్‌లోకి మెకానిక్‌గా వచ్చాడు. కిరణ్ లీడర్ కాదు. హెల్పర్! లీడర్‌కి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కాలి. లీడర్‌కి నీళ్ళ సీసాలు మోయాలి. లీడర్ సైకిల్ పాడైతే తన సైకిల్ దిగి ఇచ్చేయాలి. కప్పు లీడర్‌ది. పేపర్లో ఫొటో లీడర్‌ది. కిరణ్ ఇంతవరకు ఒక్క స్టేజ్, అంటే ఒక్క రోజు రేసు కూడా గెలవలేదు. గెలవడం అతని డ్యూటీయే కాదు!

కిరణ్‌కి ఆ బాధ లేదు. తండ్రికే కడుపు మండిపోతోంది.

ఈ రోజు చివరి స్టేజ్. డోర్నకల్ నుంచి కాజీపేట. సొంత ఊళ్ళో, కన్నతల్లి కళ్ళ ముందు కూడా కొడుకు ఎవడికో నీళ్ళు మోస్తూ రావాలా?

సారంగపాణి వెనక బెట్టింగ్ గ్యాంగ్ ఉంది. ఈ స్టేజ్ ఉదయ్ గెలవకూడదు. వాళ్ళకి కావలసింది అంతే. సుందర్ రావుకి వాళ్ళతో పనిలేదు. కొడుకు లీడర్ కావాలి. అంతే!

"ప్రభువా... క్షమించు," అంటూ టేపు చుడుతున్నాడు.

చుట్టడం మాత్రం ఆపడం లేదు. ఏం మనిషి!

* * *

మధ్యాహ్నం. వర్ధన్నపేట దాటింది రేసు.

టీమ్ కారు సారంగపాణి నడుపుతున్నాడు. వెనక సీట్లో సుందర్ రావు, ఒళ్ళో రెండు చక్రాలు. కారు టాపు మీద ఉండాల్సిన స్పేర్ సైకిల్ లేదు. మానుకోట దగ్గర ఇంకో రైడర్ పడితే అతనికి ఇచ్చేశారు.

ముందు ఎక్కడో గుంపు దూసుకుపోతోంది. ఆ గుంపులోనే ఉదయ్. పసుపు జెర్సీ. అన్ని స్టేజ్‌ల టైమూ కలిపితే ఎవరికీ అందనంత ముందున్నాడు.

రైడర్లతో మాట్లాడే రేడియో గరగరమంటుంది.

"పంచర్! పంచర్!"

కిరణ్ గొంతు!

"ఉదయన్న బండి పంచరైంది సార్. నా బండిచ్చి పంపిన. నేను ఆయన బండి పట్టుకోని రోడ్డు పక్కన నిలబడ్డ. జల్ది రాండ్రి!"

సుందర్ రావుకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాదు.

తర్వాత అర్థమౌతుంది.

ఇప్పుడు ఆ కోసిన సైకిల్ ఎక్కేది కిరణ్!

ఇద్దరిదీ ఒకే ఎత్తు. ఒకే సైజు సైకిల్. అందుకే కదా కిరణ్‌ని ఉదయ్‌కి హెల్పర్‌గా పెట్టింది! సైకిల్ దిగి ఇచ్చేయడం రోజూ చూసే పద్ధతే. తానే ఎన్నిసార్లు దగ్గరుండి మార్పించాడో! రంపం పట్టుకున్నప్పుడు మాత్రం అది బుర్రకే తట్టలేదు. కళ్ళకి కొడుకు ఒంటి మీద లీడర్ జెర్సీ ఒక్కటే కనిపించింది.

అద్దంలో సారంగపాణి కళ్ళు. అతనికీ అర్థమైంది.

"నోరు జారావో... చూస్కో!" అంటున్నాడు.

కారు కీచుమని ఆగుతుంది. పత్తి చేను పక్కన నిలబడి ఉన్నాడు కిరణ్. చేతిలో ఉదయ్ సైకిల్. మొహమంతా దుమ్ము. పళ్ళు మాత్రం తెల్లగా నవ్వుతున్నాయి.

"డాడీ, జల్ది జల్ది!"

సుందర్ రావు చక్రం పట్టుకుని దూకుతాడు. పాత చక్రం లాగేస్తున్నాడు. కొత్తది ఎక్కిస్తున్నాడు. కళ్ళు మాత్రం హ్యాండిల్ టేపు మీదే!

"ఏంది డాడీ, చేతులు గట్ల వణుకుతానయ్?"

"కారెక్కు బిడ్డా. ఇగ చాలు. రేసు వదిలెయ్."

"వదిలేసుడా? ఏం మాట్లాడుతానవ్? మన ఊరికి పోతానం! మమ్మీ పొద్దున్నుంచి ఫాతిమానగర్ల ఫినిష్ లైన్ కాడ నిలబడ్డదంట. చర్చి యూత్ మొత్తం బ్యానర్ కట్టిన్రంట!"

"ఈ బండి... బాలేదు బిడ్డా."

"ఏమైంది బండికి?"

ఇప్పుడే! ఇప్పుడే చెప్పాలి!

నేనే కోశాను అనాలి. రెండే మాటలు. కొడుకు సైకిల్ దిగి పక్కన పడేస్తాడు. బతుకుతాడు.

కిరణ్ అలాగే చూస్తున్నాడు. టీమ్‌లో అందరూ రేసుకి ముందు బ్రేకులు నొక్కి, నట్లు తిప్పి చూసుకుంటారు. కిరణ్ ఒక్కడే ఏదీ చూసుకోడు. 'మా డాడీ ముట్టుకున్న బండి. దానికి నేను చెకింగ్ జేసుడేంది?' అంటాడు. అందరితోనూ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ కళ్ళలోకి చూస్తూ ఎలా చెప్పడం? చెప్పాక ఆ కళ్ళు తనని ఎలా చూస్తాయి?

వంగి చక్రం నట్టు ఇంకోసారి బిగించాడు.

"సుందర్ రావ్! టైమ్!" అని అరుస్తున్నాడు సారంగపాణి.

"ఏం లే... బ్రేకు జర లూజున్నది. కూసోనే తొక్కు బిడ్డా. లేచి తొక్కకు. స్ప్రింట్ కొట్టకు. నా మీద ఒట్టు!"

కిరణ్ పకపకా నవ్వుతున్నాడు.

"నేనెప్పుడు స్ప్రింట్ కొట్టిన డాడీ? అది లీడర్ పని గద! నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఎక్కేశాడు. మెకానిక్‌లు రైడర్‌ని వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోస్తారు. సుందర్ రావు కూడా తోస్తాడు. ఆ చేత్తో... తన చేత్తోనే!

కిరణ్ వెళ్ళిపోయాడు.

* * *

"కంగారు పడకు," అంటున్నాడు సారంగపాణి గేర్ మారుస్తూ. "వాడు హెల్పర్. స్ప్రింట్ కొట్టడు. విరగదు. సాయంత్రం నువ్వే ఆ హ్యాండిల్ పీకి చెరువులో పారెయ్."

నిజమే. కిరణ్ స్ప్రింట్ కొట్టడు. ఏనాడూ కొట్టలేదు. సుందర్ రావు అదే జపంలాగా అనుకుంటున్నాడు. కొట్టడు... కొట్టడు... నా మీద ఒట్టు పెట్టిన... కొట్టడు...

మామునూరు వస్తోంది. రేడియో మళ్ళీ గరగర.

"పాణి సార్, ఉదయ్‌ని. కిరణ్ మళ్ళ గుంపుల కలిసిండు. మిగతా టీమ్‌లతోని మాట్లాడిన. అందరు సరే అన్నరు. ఊరి పిలగాడు ముందు పోతడు!"

రేసుల్లో అదొక మర్యాద. ఎవరి ఊరొస్తే వాళ్ళని గుంపు కాసేపు ముందుకి పోనిస్తుంది. ఇంటివాళ్ళకి చెయ్యి ఊపి, అమ్మకి ఒక దండం పెట్టి, మళ్ళీ గుంపులో కలిసిపోవాలి. పోనీలే... చెయ్యే కదా ఊపేది!

"కిరణ్, విను," ఉదయ్ గొంతు ఆగడం లేదు. "చెయ్యూపి వెనక్కి రాకు. అట్లనే పో! పసుపు జెర్సీ ఎట్లైనా నాదే. ఈ స్టేజ్ నీది తమ్మీ. వెనక వచ్చేటోళ్ళకు నేను అడ్డం ఉంట. ఫాతిమానగర్ల స్ప్రింట్ కొట్టు. కొట్టి గెలువు!"



"అన్నా... నిజమా?" కిరణ్ గొంతు.

"నిన్న రాత్రే అనుకున్న. అంకుల్‌కు సర్ప్రైజ్ ఇద్దామని చెప్పలే. ఎన్నిసార్లు నీ బండి దిగి నాకిచ్చినవ్ రా! ఒక్కసారి నన్ను ఇయ్యనీ."

సుందర్ రావు ముందు సీటు మీదికి వంగాడు.

నిన్న రాత్రే! తాను రంపం పట్టుకోకముందే ఉదయ్ ఈ గెలుపు కిరణ్‌కి ఇచ్చేశాడు. అడక్కుండానే ఇచ్చేశాడు. అట్లాంటి పిల్లాడి కింద గొయ్యి తవ్వాడు తను. ఇప్పుడు అందులోకి ఎవడు పోతున్నాడు?

"రేడియో ఇయ్యి!" ముందుకి దూకుతాడు.

సారంగపాణి మోచేత్తో మొహం మీద కొడతాడు. రక్తం!

"బండిలో తేడా ఉందంటే వాడక్కడే దిగి టేపు విప్పుతాడు. జడ్జీలు చూస్తారు. ఇద్దరం జైలుకే!"

"పోదాం! జైలుకే పోదాం! నా కొడుకు సార్!"

"కూర్చో!"

"స్ప్రింట్ కొట్టొద్దని ఆర్డరన్నా వెయ్యి! నీ కాళ్ళు మొక్కుత!"

"సొంత ఊళ్ళో గెలిచేవాణ్ణి ఏ మేనేజరైనా ఆపుతాడా? అనుమానం రాదూ?"

అంటూనే రేడియో వైరు పట్టుకుని లాగేశాడు. ఫట్‌మని తెగింది. మైకు కిటికీలోంచి బయటికి!

సుందర్ రావులో ఏదో తెగిపోయింది. వెనక నుంచి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని గుంజేస్తాడు.

కారు ఊగింది. రోడ్డు దిగింది. పక్కన ఆరబోసిన మక్కల గింజల కుప్పలోకి దూసుకెళ్ళి ఆగిపోయింది!

సారంగపాణి తల స్టీరింగ్‌కి కొట్టుకుంది. మూలుగుతున్నాడు.

సుందర్ రావు తలుపు తోసుకుని పరుగు. మక్కల మీద కాళ్ళు జారుతున్నాయి. పడ్డాడు. లేచాడు. మళ్ళీ పరుగు!

రోడ్డు పక్కన స్కూటీ. ఆపి రేసు చూస్తున్న ఓ అమ్మాయి. మెడలో దవాఖానా ఐడీ కార్డు... శ్రావణి, స్టాఫ్ నర్సు.

"అయ్యో బాబాయ్! రక్తం కారుతాంది! కూసో, చూస్త."

"ఫాతిమానగర్ తీస్కపో తల్లీ! రేసు వచ్చేలోపు పోవాలె! నా కొడుకు పానం పోతది!"

ఆ పిల్ల ఇంకో ప్రశ్న అడగలేదు.

"ఎక్కు!"

* * *

రేసు ఖిలా వరంగల్ చుట్టూ తిరిగి వస్తుంది. అదొక్కటే ఆశ!

మెయిన్ రోడ్లన్నీ బంద్. శ్రావణికి గల్లీలన్నీ తెలుసు. కరీమాబాద్ సందులు. రైల్వే అండర్ బ్రిడ్జి. మట్టెవాడలో బట్టల షాపుల మధ్యనుంచి హారన్ మోగిస్తూ... తోపుడు బండి అడ్డం! బ్రేక్! పక్కనుంచి దూరింది.

"చూస్కోని పో బిడ్డా!" అని ఎవరో తిడుతున్నారు.

వెనక కూర్చుని సుందర్ రావు ఫోన్ తీస్తాడు. వేళ్ళకి రక్తం. స్క్రీన్ మీద జారుతున్నాయి.

భార్య సారమ్మకి రింగ్.

ఎత్తింది! అవతల డప్పులు. మైకు. ఈలలు.

"సారా! కిరణ్‌ను ఆపు! రోడ్డు మీదికి పోయి ఆపు!"

"ఏందయ్యా? విన్నవా? మనోడు అందరికంటె ముందున్నడంట! మైకుల చెప్తాండ్రు! నాకు కాళ్ళు ఆగుతలేవు!"

"ఆపమంటాన! పడిపోతడు!"

"పాడు నోరు! ఎందుకు పడతడు? నువ్వు చేసిన బండి గాదా?"

సుందర్ రావు ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"చెప్పవేందయ్యా? ఎందుకు ఆపాలె?"

ఏమని చెప్తాడు? కొడుకుని కన్న మనిషికి ఏమని చెప్తాడు?

"సారా... అది... నేను..."

డప్పులు హోరెత్తాయి. "వస్తాండ్రంట! మోటర్ సైకిళ్ళు కనిపిస్తానయ్! పెడుతున్న!" ఫోన్ కట్!

మళ్ళీ కొడతాడు. ఎత్తదు. మళ్ళీ. ఎత్తదు. ఇక ఎత్తదు. కొడుకుని వీడియో తీస్తూ ఉంటుంది.

ఇందాక చేను పక్కన చెప్పాల్సిన మాట. ఇప్పుడు ఫోన్లో చెప్పాల్సిన మాట. రెండుసార్లూ మింగేశాడు. ఛీ! అని తన మొహం మీద తానే కొట్టుకుంటున్నాడు.

"బాబాయ్, గట్టిగ పట్టుకో!"

హనుమకొండ. అదాలత్. సుబేదారి వెనక సందులు. స్కూటీ మూలుగుతోంది. శ్రావణి చున్నీ గాల్లో కొట్టుకుంటోంది.

ఫాతిమానగర్!

జనం... జనం... ఎటు చూసినా జనం! ఇంటి కప్పుల మీద. ఆటోల మీద. సుందర్ రావు దూకేస్తాడు. తోసుకుంటూ పోతున్నాడు. మోచేతులు. బూతులు. అంతా దాటి ఇనుప బారికేడ్!

దాని అవతల నల్లటి తారు రోడ్డు. ఖాళీగా. కుడివైపు కొంచెం దూరంలో ఫినిష్ లైన్.

ఎడమవైపు...

వస్తున్నాడు!

కిరణ్ ఒక్కడే. వెనక గుంపు. గుంపుకి ముందు పసుపు జెర్సీ... ఉదయ్ రోడ్డు మధ్యలో అటూ ఇటూ కదులుతూ ఎవరినీ రానివ్వడం లేదు. అయినా పక్కనుంచి ఇద్దరు తప్పించుకున్నారు. కిరణ్ వెంట పడ్డారు!

కిరణ్ కూర్చునే తొక్కుతున్నాడు.

కూర్చునే ఉన్నాడు! ఒట్టు తప్పలేదు! గెలుపు కళ్ళ ముందున్నా తండ్రి మాట తప్పలేదు!

"అట్లనే... అట్లనే రా బిడ్డా... వాళ్ళను పోనీ... పోనియ్..."

సుందర్ రావు బారికేడ్ ఎక్కుతున్నాడు. కానిస్టేబుల్ అతని కాలర్ పట్టుకున్నాడు. చొక్కా పర్రుమని చిరిగింది. అవతలికి పడ్డాడు. లేచాడు. రోడ్డు అంచున నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు.

"ఆగు! కిరణ్! ఆగు బిడ్డా!"

డప్పుల్లో తన గొంతు తనకే వినిపించడం లేదు.

కిరణ్ తలెత్తాడు. చూశాడు!

మెకానిక్ ఎప్పుడూ వెనక కారులోనే ఉంటాడు. కొడుకు ఫినిష్ లైన్‌కి రావడం సుందర్ రావు ఇంతవరకు చూడనేలేదు. కిరణ్ కూడా తండ్రిని అక్కడ ఎన్నడూ చూడలేదు. ఈ రోజు ఉన్నాడు! చొక్కా చింపుకుని, రెండు చేతులెత్తి, ఏడుస్తూ, ఎగురుతూ... తన కోసం!

కిరణ్ మొహం వెలిగిపోయింది.

"వద్దు..." సుందర్ రావు చేతులు కిందికి పడిపోయాయి. "వద్దు... వద్దు బిడ్డా..."

కిరణ్ లేచి నిలబడ్డాడు. ఒట్టు మరిచిపోయాడు. రెండు చేతులతో హ్యాండిల్ బిగించి పట్టుకున్నాడు. ఉన్న బలమంతా పెట్టి గుంజాడు!

ఠాప్!

తుపాకి పేలినట్టు చప్పుడు.

డప్పులు ఆగిపోయాయి.

హ్యాండిల్ ముక్క కిరణ్ చేతిలోనే ఉంది. సైకిల్ లేదు. గాల్లో ఒక్క పల్టీ. తల ముందుగా ఇనుప బారికేడ్‌కి...

సుందర్ రావు పరిగెత్తుతున్నాడు. మోకాళ్ళ మీద పడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. హెల్మెట్ రెండుగా చీలిపోయింది. చెవిలోంచి రక్తం. శ్రావణి ఎట్లా వచ్చిందో వచ్చింది. మెడ మీద వేళ్ళు పెట్టి చూస్తోంది. బ్యానర్ కింద నుంచి సారమ్మ పరిగెత్తుకొస్తోంది. ఉదయ్ సైకిల్ పారేసి వస్తున్నాడు.

కిరణ్ కళ్ళు తెరిచాడు.

"డాడీ..."

"ఉన్న బిడ్డా. ఈడనే ఉన్న."

"ఉదయన్న బండి... విరగ్గొట్టిన..." ఊపిరి అందడం లేదు. "నువ్వు జెప్పినా... ఇనలే. తప్పు నాదే. ఉదయన్న... నిన్నేమన్న అంటడేమో డాడీ..."

సుందర్ రావు ఆ తల గుండెకి హత్తుకున్నాడు.

"నీ తప్పు గాదు! నేనే కోసిన బిడ్డా! రంపం పెట్టి నేనే కోసిన! నీ కోసమే..."

అరుస్తున్నాడు. వీధంతా వినిపించేలా అరుస్తున్నాడు. సారమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఉదయ్ ఆగిపోయాడు. కానిస్టేబుల్ ఆగిపోయాడు.

శ్రావణి మెల్లగా కిరణ్ మెడ మీది నుంచి వేళ్ళు తీసేసింది.

"బాబాయ్," అంది. "ఇగ వినడు."